అక్క కణాల మీద ఫిర్యాదు

మార్కాపురంలో పలకల దుకాణం ఉమామహేశ్వర్లును అందరూ మంచివాడనే అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అతను వినయంగా తల దించుకునేవాడు. ఎంత వినయంగా దించుకున్నాడో లోపల్లోపల గమనించుకునేవాడు కూడా. యాభై దాటిన మనిషి. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. బడిపిల్లల చేతుల్లోకి నోటుపుస్తకాలు వచ్చాక రాతి పలకల గిరాకీ తగ్గి, దుకాణంలో తీరిక పెరిగింది. ఆ తీరికంతా మనస్తత్వశాస్త్రం పుస్తకాలు చదవడానికి వాడాడు. బేరమాడకుండా కొనేవాడు చిన్నప్పుడు తండ్రికి భయపడ్డవాడనీ, గీచి గీచి బేరమాడేవాడు తల్లి ఒడి చాలనివాడనీ గల్లాపెట్టె వెనక కూర్చునే తేల్చేసేవాడు. దుకాణంలో పనిచేసే యల్లయ్యకు కూడా ఒకసారి అతని మనసు గురించి వివరించబోతే, యల్లయ్య బలపాల పెట్టె దించుతూ, అదంతా తర్వాత చెప్పమని, ముందు అటు పక్క పట్టుకోమని అన్నాడు. తన మనసు గురించి మాత్రం ఉమామహేశ్వర్లు పెద్దగా ఆలోచించలేదు. మంచివాడని ఊరే తేల్చేశాక ఇంకా తవ్వేదేముంటుంది?

అలాంటి మనిషికి రక్త క్యాన్సరు వచ్చింది.

హైదరాబాదు ఆస్పత్రిలో మందులతో దాన్ని అణిచారు. అది మళ్ళీ తల ఎత్తకుండా ఉండాలంటే మాత్రం ఇంకొకరి మూలకణాలు ఎక్కించాలన్నారు. తోబుట్టువులవి కుదిరితే మేలన్నారు. అతనికున్న తోబుట్టువు ఒక్కతే, అక్క తులసమ్మ. గిద్దలూరులో ఆమె భర్త నాగేశ్వర్లుకు కిరాణా దుకాణం ఉంది. పరీక్ష చేస్తే అక్క కణాలు పూర్తిగా కుదిరాయి. తులసమ్మకు అందులో ఆశ్చర్యపడాల్సిందేమీ కనపడలేదు. చిన్నప్పుడు వాణ్ణి చంకన వేసుకుని తిరిగింది తనే కాబట్టి కుదరక ఏం చేస్తాయని డాక్టరమ్మనే అడిగింది.

ఆమెకు కొన్నాళ్ళు సూదిమందు వేశారు. ఒళ్ళు నొప్పులతో మూలుగుతూనే, ఒక చేతిలోంచి రక్తం మిషనులోకి పోయి రెండో చేతిలోకి తిరిగొస్తుంటే కదలకుండా పడుకుంది. మిషను వడగట్టిన కణాలు చిన్న సంచిలో వచ్చాయి. ఆ సంచిని చూసి ఉమామహేశ్వర్లుకు మొదట అనిపించింది, ఇంతేనా అని. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గుకు మూలం ఎక్కడుందో వెతుక్కుంటూ ఉండగానే సంచి ఖాళీ అయిపోయింది. ప్రాణం పోసే ఘట్టంలో కూడా అతను తన గురించే ఆలోచిస్తూ గడిపాడన్నమాట.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. అక్క కణాలకు తమ్ముడి ఒళ్ళు కొత్త చోటు. ఒక్కోసారి అవి దాన్ని పరాయిదనుకుని కొడతాయి. అలా జరగకుండా ఉండడానికే మాత్రలు ఇస్తున్నాం. అయినా అరచేతులు, అరికాళ్ళు, చెవుల వెనక ఎర్రబడినా, బేదులు పట్టుకున్నా అదే రోజు ఫోను చెయ్యాలి. తొలిరోజుల్లో తెలిస్తే అణచడం తేలిక, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. ఉమామహేశ్వర్లు శ్రద్ధగా తల ఊపాడు. తల ఊపడంలో అతన్ని మించినవాడు లేడు.

తులసమ్మ మొగుణ్ణి గిద్దలూరులో వదిలేసి, తమ్ముడికి వండిపెట్టడానికి మార్కాపురం వచ్చి మకాం పెట్టింది. బయటి తిండి కూడదు, పచ్చివి కూడదు, జనం మధ్యకు పోకూడదు, ఎండ తగలకూడదు, దుకాణంలో దుమ్ము అసలే కూడదు. ఇవన్నీ ఆమె శాసనాలై కూర్చున్నాయి. ఆకుకూర కడిగితే చేతులు నానిపోయేదాకా కడిగేది. వాడకట్టు ఆడవాళ్ళు చూడ్డానికి వస్తే వాళ్ళను వసారాలోనే కూర్చోబెట్టి, లోపల కిటికీ దోమతెర వెనక ఉన్న తమ్ముణ్ణి చూపించేది. వాడి ఒంట్లో ఇప్పుడు పారేది నా రక్తమేనని చెప్పేది. వచ్చినవాళ్ళు ఆమెకు బొట్టు పెట్టి, ఒక తల్లి బిడ్డలంటే ఇట్ల ఉండాలంటూ పోయేవాళ్ళు. దోమతెర వెనక ఉమామహేశ్వర్లు నవ్వు ముఖం పెట్టుకుని, జంతుప్రదర్శనశాలలో మాట వినే కోతిలా కూర్చునేవాడు.

అరచేతులు ఎర్రబడింది అలాంటి ఒక మధ్యాహ్నమే. ఎండుమిరపకాయలు తుంచిన చేతుల్లా మండుతున్నాయి.

అతనికి డాక్టరమ్మ మాట గుర్తుకు రాకపోలేదు. గుర్తుకొచ్చింది కాబట్టే భయమేసింది. ఫోను చేస్తే ఏమని చెప్పాలి? మా అక్క ఇచ్చినవి నన్ను కొడుతున్నాయని చెప్పాలి. అది వసారాలో బొట్టు పెట్టించుకుంటున్న అక్క చెవిన పడుతుంది. ఆ ఇంట్లో అమ్మ ఉన్నప్పటి నుంచీ ఒక పట్టింపు ఉంది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ కంట తడి పెట్టకూడదు. ఆమె తెచ్చినదానికి, అది గరిటెడు ఊరగాయే అయినా, వంక పెట్టకూడదు. ఊరగాయకే వంక పెట్టకూడదంటే ఒంట్లో నెత్తురుకు ఎలా పెడతాడు?

కాబట్టి అతను ఫోను చెయ్యలేదు. కొబ్బరినూనె రాసుకున్నాడు. దుమ్ము సాకు చెప్పి చేతులకు గుడ్డ గ్లౌజులు తొడుక్కున్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఇలాంటప్పుడు చదువుకున్న మనిషి చేసే పని చేశాడు. ఒక సిద్ధాంతం కట్టాడు.

ఈ మంట కణాలది కాదు, మనసుది. చిన్నప్పటి నుంచీ అక్క మాటకు ఎదురు చెప్పలేదు. ఆమె ఏ చొక్కా తొడుక్కోమంటే అది తొడుక్కున్నాడు, ఏ పిల్లను చేసుకోమంటే ఆ పిల్లను చేసుకున్నాడు. లోపల అణిగిపోయిన కోపం ఇన్నేళ్ళకు అరచేతుల దారిన బయటికి వస్తోంది. చేతులే ఎందుకంటే, కొట్టాలనుకున్న చేతులు కాబట్టి. సిద్ధాంతం ఎంత అందంగా కుదిరిందంటే, ఆ సంతోషంలో కాసేపు మంట కూడా తగ్గినట్టనిపించింది. మూలాన్ని గుర్తిస్తే చాలు, లక్షణం దానంతటదే పోతుందని పుస్తకాల్లో ఉంది. అతను మూలాన్ని గుర్తించాడు. లక్షణం అరికాళ్ళకు కూడా పాకింది.

వారానికోసారి ఆస్పత్రి నుంచి విజయమ్మ అనే నర్సు ఫోను చేసి మంచిచెడ్డలు అడిగేది. ఆమెది తమవైపే, సీయస్ పురం దగ్గర ఒక పల్లె. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ తులసమ్మ ఆ ఫోనును చుట్టాల ఫోనుగా మార్చేసింది. స్పీకరు పెట్టించి, తమ్ముడి పక్కన కూర్చుని, విజయమ్మ తల్లి ఆరోగ్యం దగ్గర మొదలుపెట్టేది. ఆ వారం కూడా అలాగే మొదలైంది. చివరికి విజయమ్మ తన ప్రశ్నలకు వచ్చింది.

"అన్నా, చేతుల్లో గానీ కాళ్ళల్లో గానీ మంట, ఎరుపు ఏమన్నా ఉందా?"

తులసమ్మ తమ్ముడి ముఖంలోకి చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. పరీక్ష బాగా రాసిన పిల్లాడి తల్లి ఫలితాల కాగితం వైపు చూసే చూపు అది.

"ఏం లేదమ్మా," అన్నాడు ఉమామహేశ్వర్లు. "బ్రహ్మాండంగా ఉండా."

"ఉంటే చెప్పన్నా. చిన్నదైనా చెప్పాల."

"మావాడు దాచే రకం కాదులే విజయమ్మా," అంది తులసమ్మ. "కడుపులో ఏదుంటే అది నోట్లో ఉంటది వాడికి."

గ్లౌజుల్లో అరచేతులు భగభగ మండుతుండగా అతను ఆ మెచ్చుకోలును కూడా స్వీకరించాడు. ఆ రాత్రి పడుకునే ముందు, తాను చేసింది త్యాగమని తనకు తానే చెప్పుకున్నాడు. అక్క మనసు నొప్పించకుండా ఒంటరిగా మంటను భరిస్తున్న తమ్ముడు. ఆ బొమ్మ చాలా బాగుంది. అందులో ఉన్నవాడు చచ్చిపోవచ్చన్న సంగతి ఒక్కటే కొంచెం ఇబ్బంది పెట్టింది. చచ్చిపోతే అక్క ఏడవదా అన్న ప్రశ్న కూడా వచ్చింది గానీ, నిద్ర ముంచుకొస్తోందని దాన్ని పక్కకు నెట్టాడు.

రెండు రోజులకు బేదులు మొదలయ్యాయి. నీళ్ళలా పోతున్నాయి. ఇది దాచడానికి గ్లౌజులు పనికిరావు. ఇంటి వెనక దొడ్డి తలుపు శబ్దం అక్కకు వినపడుతూనే ఉంది. అతను నీరసంగా వచ్చి మంచం మీద వాలాడు. ఇక అక్క అడుగుతుందనీ, చెప్పక తప్పదనీ అనుకున్నాడు. అడగలేదు. ఎంతసేపటికీ అలికిడి లేకపోతే గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళాడు.

తులసమ్మ పీట మీద కూర్చుని ఏడుస్తోంది. ముందర గిన్నెలో పొద్దుటి తోటకూర పప్పు ఉంది. నేను సరిగా కడగలేదు, అంటోంది. నిన్న కుళాయి నీళ్ళు సన్నగా వచ్చినాయి, ఒక్కసారి తక్కువ కడిగినా, నా చేతులతో నేనే నా తమ్ముణ్ణి పాడు చేసుకున్నా, అంటోంది. కొంగు తడిసిపోయింది.

ఉమామహేశ్వర్లు గడప దగ్గర నిలబడిపోయాడు. ఆ క్షణంలో అతని మనసులో ఏం కదిలిందో అతనికి స్పష్టంగా తెలిసింది. ఇన్నేళ్ళ చదువులో ఏ మనసూ అంత స్పష్టంగా కనపడలేదు. అతనికి హాయిగా అనిపించింది. తప్పు తోటకూర మీదికి పోయింది కాబట్టి కణాల ఊసు ఎత్తక్కర్లేదు. అక్క ఏడుస్తోంది, నిజమే, కానీ తోటకూర గురించి ఏడుస్తోంది. దానికి తనేం చేస్తాడు? పోనీలే అక్కా, ఒకసారికి ఏం కాదులే అని ఓదారిస్తే ఇంకా మంచివాడవుతాడు. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా.

అక్కడే ఆగిపోయింది. అక్క కంట తడి పెట్టకూడదని కదా ఇదంతా. ఆమె కొంగు తడిసేలా ఏడుస్తోంది. మరి ఇన్ని రోజులు తాను దేన్ని కాపాడాడు? వెతికితే అక్కడ ఒక్కటే మిగిలింది. దోమతెర వెనక నవ్వు ముఖం పెట్టుకుని కూర్చున్న మంచివాడు. ఆ మంచివాడి కోసం అక్క చేత, కడిగిన ఆకుకూరను కడగలేదని నేరం ఒప్పిస్తున్నాడు.

అతను గ్లౌజులు విప్పి ఆమె ముందు కూలబడి అరచేతులు చాపాడు. చర్మం ఎర్రగా కాలినట్టుంది. వేళ్ళ సందుల్లో పొర లేస్తోంది.

"తోటకూర కాదక్కా," అన్నాడు. "ఇది నీ కణాలే. పది రోజులుగా ఉంది."

తులసమ్మ ఏడుపు ఆపింది. చేతులు పట్టుకుని తిప్పి చూసింది. అతను ఆమె కళ్ళల్లోకి చూడలేక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మ పట్టింపు, వసారాలో బొట్లు, ఊరగాయ, అన్నీ. అణిగిన కోపం సిద్ధాంతం కూడా కాస్త చెప్పాడు, అంత కష్టపడి కట్టింది వృథా పోవడం ఇష్టంలేక.

"నీ ఒళ్ళు మండతా ఉంటే నా పరువుకేంది రా సంబంధం?" అంది తులసమ్మ. గొంతు మామూలుగానే ఉంది. అదే అతన్ని భయపెట్టింది. "నేను నీకిచ్చింది కణాలు రా. పట్టుచీర కాదు, బాగుందో లేదో చెప్పడానికి మొహమాటపడేదానికి. నువ్వు చచ్చిపోయినాక వాళ్ళంతా వచ్చి నాకు ఏం బొట్టు పెడతారనుకున్నావు?"

అతను చేతులు వెనక్కి తీసుకోబోతే ఆమె వదల్లేదు.

"అదీగాక, నన్ను కొట్టాలనుకున్న చేతులా ఇవి?"

"అది సిద్ధాంతమక్కా."

"దాన్ని అట్లే ఉంచు. బాగయినాక మాట్లాడదాం."

ఆమె లేచి విజయమ్మకు ఫోను చేసింది. చుట్టరికం ఊసెత్తకుండా చేతులు, కాళ్ళు, బేదులు అన్నీ ఒక్క గుక్కలో చెప్పింది. విజయమ్మ డాక్టరమ్మను అడిగి, వెంటనే బయలుదేరమంది.

అద్దెకు కారు తోలే ఏసురత్నాన్ని మాట్లాడారు. హైదరాబాదు దారిలో దోర్నాల దగ్గర అడవి గేటు రాత్రికి మూసేస్తారు కాబట్టి భోజనాలు కూడా చెయ్యకుండా ఎక్కారు. దోర్నాల చేరేసరికి శ్రీశైలం పోయే బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఉమామహేశ్వర్లు కడుపు ఆ బారును ఒప్పుకోలేదు. రోడ్డు పక్కన ఒక హోటలుంది. తులసమ్మ ముందు తాను పోయి దాని మరుగుదొడ్డి చూసి, ముఖం చిట్లించుకుని బయటికి వచ్చి, బకెట్లు బకెట్లు నీళ్ళు కొట్టించి, తెచ్చుకున్న మందునీళ్ళు చల్లించి, అప్పుడు అతన్ని పోనిచ్చింది. లోపలున్నంతసేపూ ఆమె హోటలాయనకు మొత్తం కథ చెబుతున్న గొంతు అతనికి వినపడుతూనే ఉంది. బయటికి వచ్చేసరికి దిగి నిలబడ్డ యాత్రికులు కూడా అతని వైపు జాలిగా చూస్తున్నారు. గేటు దగ్గర అడవి శాఖ మనిషికి కూడా ఆమె కారు అద్దం దించి, కణాల గొడవ, బేదుల సంగతి మొదటి నుంచీ చెప్పింది. అతను బండ్లు పక్కకు తీయించి దారి ఇచ్చాడు.

వెనక సీట్లో కడుపు పట్టుకుని పడుకున్న ఉమామహేశ్వర్లుకు వింతగా అనిపించింది. పది రోజులు గ్లౌజుల్లో దాచిన రహస్యం ఇప్పుడు అడవి గేటు దగ్గర కూడా తెలిసిపోయింది. ఏమీ కాలేదు. ఒక వరుస బండ్లు పక్కకు జరిగాయి, అంతే. నల్లమల మలుపుల్లో ఏసురత్నం మెల్లగా పోనిస్తూ, తన చిన్నాయనకు కూడా ఒకసారి ఇట్లనే కడుపు పాడైందని చెప్పుకొచ్చాడు. ఆ చిన్నాయన బతికాడో లేదో అడిగే ధైర్యం ఉమామహేశ్వర్లుకు లేకపోయింది.

ఆస్పత్రిలో చర్మం మీద చిన్న ముక్క తీసి పరీక్షించారు, కడుపులోకి గొట్టం పంపి చూశారు. అనుకున్నదే. నరంలోకి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మొదటి వారం గడ్డుగా గడిచింది. మందు పనిచేస్తుందో లేదో డాక్టరమ్మ ముఖంలో వెతుక్కుంటూ తులసమ్మ రోజంతా వార్డు బయట కుర్చీలో కూర్చునేది. ఆ తర్వాత బేదులు తగ్గాయి. అరచేతుల ఎరుపు మందగించింది.

కాస్త ఓపిక వచ్చాక ఉమామహేశ్వర్లు డాక్టరమ్మకు తన సిద్ధాంతం వినిపించాడు. ఆమె ఓపిగ్గా విన్నది. చర్మం ముక్కను సూక్ష్మదర్శినిలో చూశామని, అందులో మీ అక్కగారి కణాలే కనపడ్డాయని, మీ చిన్నతనం ఎక్కడా కనపడలేదని అంది. మొదటి రోజే చెప్పి ఉంటే చర్మానికి పూత మందుతో సరిపోయి ఉండేదని కూడా అంది. ఆ మాట మెత్తగానే అన్నా అతనికి తిట్టులాగే తగిలింది.

పక్కనే ఉన్న తులసమ్మ అప్పుడు ఇన్నాళ్ళూ లోపల పెట్టుకున్న ప్రశ్న అడిగింది.

"నావి చెడ్డవా డాక్టరమ్మా?"

"కాదమ్మా. ఇవి ఒంట్లో ఎక్కడన్నా మిగిలిపోయిన క్యాన్సరును కూడా వెతుక్కుని కొడతాయి. ఆ కోపం మనకు కొంచెం కావాలి. మితిమీరకుండా చూసుకోవడమే మా పని. అది మితిమీరేది ఎప్పుడో ముందుగా తెలిసేది మాకు కాదు, ఈయనకు. ఈయన నోరు తెరవకపోతే మేం చెయ్యగలిగింది సగమే."

"అంటే కష్టం చేసేవాళ్ళే. కొంచెం దుడుకు ఎక్కువ," అంది తులసమ్మ. డాక్టరమ్మ అంతేనంది.

ఆ రోజు నుంచి తులసమ్మ తన కణాల మీద తనే ఫిర్యాదుదారైంది. డాక్టర్లు వార్డుకు రాగానే, ఉమామహేశ్వర్లు నోరు తెరిచేలోగా, రాత్రి తమ్ముడు ఎప్పుడు లేచాడో, నోట్లో ఎక్కడ మంటన్నాడో, ఎంత పోయిందో, ఏ రంగులో పోయిందో పక్క మంచాలవాళ్ళకు కూడా వినపడేలా చెప్పేది. ఆమె మరిచిపోయినది అతను చెప్పాలి. చెప్పకపోతే ఆమె ఒక చూపు చూసేది. అతను సిగ్గుతో దుప్పటి గడ్డం దాకా లాక్కుని, కంఠం సవరించుకుని, తన పేగుల సంగతి తన నోటితో చెప్పడం అలవాటు చేసుకున్నాడు. పక్క మంచం ముసలాయన ఒకసారి ఇంకొంచెం గట్టిగా చెప్పమన్నాడు.

నెల తర్వాత ఇంటికి పంపారు. మందు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వస్తామని, తగ్గించేటప్పుడు ఆ ఎరుపు, మంట మళ్ళీ రావచ్చని చెప్పారు. వర్షాకాలం పోయేదాకా ఉండి, దుకాణంలో ఏ సరుకు ఎక్కడుందో మొగుడికి దిక్కు తెలియడం లేదని తులసమ్మ గిద్దలూరు వెళ్ళిపోయింది. పోయేముందు ఆమెకు చీర పెట్టాడు. రంగు బాగాలేదని ఆమె అక్కడికక్కడే చెప్పి, మార్చుకుని మరీ పోయింది.

కార్తీకంలో ఒక ఉదయం గడ్డం గీసుకుంటుంటే కుడి చెవి వెనక దురద పెట్టింది. అద్దంలో చెవి మడిచి చూశాడు. ఎర్రగా ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. దాచుకోవడానికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు. అతని మనసు వెంటనే పనిలోకి దిగింది. చెవి అంటే వినడం, ఇన్నేళ్ళూ అందరి మాటా విన్న చెవి కదా ఇది, అంటూ ఒక మొదటి వాక్యం కూడా సిద్ధం చేసేసింది. వాక్యం బాగానే ఉంది. సబ్బు నురుగు ముఖంతోనే అతను విజయమ్మకు ఫోను చేసి చెప్పాడు. ఆమె ఫోటో పంపమంది, డాక్టరమ్మతో మాట్లాడి మాత్రల సంగతి చెబుతానంది.

తర్వాత గిద్దలూరుకు చేశాడు.

"అక్కా, చెవి వెనక ఎర్రగా వచ్చింది. మళ్ళీ నీ కణాలే. విజయమ్మకు చెప్పినా."

అవతల దుకాణంలో ఎవరో బెల్లం అడుగుతున్నారు. ఆమె ఏడుస్తుందేమోనని అతను ఎదురుచూశాడు. ఏడిస్తే ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

"ఒక చెవేనా?" అంది తులసమ్మ. "రెండోది చూసినావా?"

చూడలేదు.

"చూసి చెప్పు. అరికాళ్ళు కూడా చూడు," అని, బెల్లం తూచడానికి ఫోను పెట్టేసింది.

అతను అద్దం ముందు మెడ ఎంత తిప్పినా ఎడమ చెవి వెనక భాగం కనపడలేదు. నురుగు తుడుచుకుని వసారాలోకి వచ్చి, దుకాణం తాళాల కోసం వచ్చిన యల్లయ్యను దగ్గరికి పిలిచి, చెవి మడిచి పట్టుకుని వంగి నిలబడ్డాడు.